పెళ్లింట్లో బుజ్జి ఎక్కడ కూర్చున్నాడు?

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ చదివాను. తెనాలిలో పెళ్లి, మేధో వైకల్యం ఉన్న ఇరవై రెండేళ్ల బుజ్జి, ఇక్కడే పెరిగిన పెదనాన్న కొడుకు రవి, న్యూజెర్సీ నుంచి దిగిన మేనమామ కూతురు శ్వేత. అమరిక బాగుంది. కానీ సంస్కారమంతా శ్వేతకి, మొరటుతనమంతా రవికి పంచేసి చేతులు దులుపుకున్నావు.

శ్వేత నోట ‘రిటార్డ్’ (మందబుద్ధి అని వెక్కిరింత) అన్న మాట రాదు. అమెరికాలో 2009లో ఆ మాట మానేయాలని ఉద్యమం లేవదీసింది కుర్రకారే. మరుసటేడు రోసా చట్టం ‘మెంటల్ రిటార్డేషన్’ని ఫెడరల్ చట్టాల్లోంచి తీసి ‘ఇంటలెక్చువల్ డిజెబిలిటీ’, అంటే మేధో వైకల్యం, అని పెట్టింది. మాట శుభ్రమే. అలాంటి పిల్లలతో ఒక బల్ల దగ్గర కూర్చుని తిన్న అలవాటు ఉందా? అది నువ్వు తేల్చుకో.

రవి రోజుకి పదిసార్లు ఎవణ్ణో ‘మెంటలోడా’ అంటాడు. బుజ్జికి పంచె కట్టేదీ, బంతిలో పక్కన కూర్చోబెట్టుకునేదీ వాడే. రేపు చెల్లెలి పెళ్లిచూపులప్పుడు బుజ్జిని వెనకగదిలోకి పంపేదీ వాడే. ‘ఆ వంశంలో ఉందట’ అంటే సంబంధం తప్పిపోతుందని వాడి భయం. నలుగురిలో తప్పు మాట దొర్లుతుందేమోనని శ్వేత భయం. నీ కథ ఈ రెండు భయాల మధ్య ఉంది.

డాక్టర్ చేత ‘మానసిక రోగం’ అనిపించావు, దిద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని మానసిక వ్యాధి కిందికి రానివ్వలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మేధో వైకల్యానికి వేరే నిర్వచనం ఉంది: ఆలోచించి నేర్చుకోవడంలోనూ, రోజువారీ పనులు చక్కబెట్టుకోవడంలోనూ, రెండింటా బాగా వెనకబడి ఉండాలి. కాబట్టి ఒట్టి ఐక్యూ అంకె వేసి ఊరుకోకు. బుజ్జి చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటాడా, కిళ్లీకొట్లో చిల్లర లెక్కచూసి తీసుకుంటాడా, అది రాయి.

‘ర’ని ‘ల’ చేసి ముద్దుమాటలు పలికించడం తీసెయ్. కొందరికి పలుకు తేడా ఉంటుంది, అందరికీ కాదు. తెలిసిన మాటలతో పొట్టి వాక్యాలివ్వు. ప్రశ్నకీ జవాబుకీ మధ్య కాస్త ఖాళీ ఉంచు. శ్వేత ఆ ఖాళీకి ఓర్చలేక తనే జవాబు చెప్పేస్తుంది. రవి వక్కపొడి నములుతూ ఆగుతాడు.

ఇంకో పని. ఎర్రసిరాతో సంభాషణలు లెక్కపెట్టు. నేను పెట్టాను: బుజ్జి గురించి అన్నవి ముప్పై నాలుగు, బుజ్జితో అన్నవి మూడు. ఆ మూడింట్లో రెండు ‘లడ్డూ తింటావా?’ (బుజ్జి అసలు పేరేమిటో ఎక్కడా లేదు!)

ముగింపులో బుజ్జిని చంపేశావు. బతకనీ. వాళ్లమ్మ బీరువాలో పాత సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యానికి సర్కారిచ్చే ధ్రువపత్రం, ఉంటుంది, పింఛను దానిమీదే. అందులో ఇంగ్లీషులో ‘మెంటల్ రిటార్డేషన్’ అనే ఉంటుంది. ‘కాస్త చదివి చెప్పవే’ అని అత్తచేత శ్వేతకి ఇప్పించు. బుజ్జి పక్కనే కూర్చుని ఉండాలి.

అక్కణ్ణించి మళ్లీ రాసి పంపు.

మీ అన్నయ్య