ముందు బుల్లెట్, తర్వాతే మందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ .243 వేట రైఫిల్‌కు తూటాలు ఇంట్లోనే నింపుకోవాలనుకుంటున్నావు కదా. మొన్న ఫోన్‌లో "మామయ్యా, .243కి ఏ పౌడర్ వేస్తే స్పీడ్ బాగా వస్తుంది?" అని అడిగావు. పౌడర్ అంటే తూటాలో వేసే మందు. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఫోన్‌లో తేలే మాట కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

నీ ప్రశ్న ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందిరా. దేన్ని కొడతావో, ఎంత దూరం నుంచి కొడతావో ముందు తేలాలి. దాన్నిబట్టి బుల్లెట్. ఆ బుల్లెట్‌ని బట్టి మందు. స్పీడ్ అంటావా, అది చివర్లో వచ్చినంత వస్తుంది.

కొలరాడోలో మనకు దొరికే జంతువులు చూడు. తూర్పు మైదానాల్లో ప్రాంగ్‌హార్న్. ఇక్కడివాళ్లు దాన్ని యాంటిలోప్ అంటారు గానీ మన కృష్ణజింకకూ దానికీ చుట్టరికం లేదు, ఆ వంశంలో మిగిలింది అదొక్కటే. బరువు వంద పౌండ్లు, కాస్త అటూఇటూ. ఒంట్లో పెద్దగా ఎముక లేదు, కానీ దగ్గరికి రానివ్వదు. బోడి మైదానంలో మైలు దూరం నుంచే నిన్ను చూసేస్తుంది. కొండవైపు వెళితే మ్యూల్ డీర్. మగది రెండొందల పౌండ్లు దాటుతుంది, భుజం ఎముక గట్టిది. నీ దగ్గరున్నది ఒక్కటే రైఫిల్. అంటే రెండింటికీ పనికొచ్చే బుల్లెట్ కావాలి.

చట్టం ఏమంటుందో కూడా చూసుకో. ఇక్కడ డీర్‌కైనా ప్రాంగ్‌హార్న్‌కైనా కనీసం .24 క్యాలిబర్, అంటే అంగుళాల్లో బారెల్ లోపలి వెడల్పు, ఉండాలి. బుల్లెట్ తగలగానే విచ్చుకునే రకమై ఉండాలి, బరువు 70 గ్రెయిన్లకు తగ్గకూడదు (గ్రెయిన్ అంటే బుల్లెట్‌నూ మందునూ తూచే చిన్న కొలత). వంద గజాల దగ్గర వెయ్యి ఫుట్-పౌండ్ల శక్తి మిగలాలి. నీ .243 ఈ గీతకు కాస్త పైనే ఉంది. 1955లో వచ్చిన క్యాలిబర్, .308 క్యాలిబర్ కేస్, అంటే మందు పోసే ఇత్తడి గొట్టం, మెడ సన్నం చేసి తయారుచేశారు. ఈ సన్నమెడ సంగతి గుర్తుపెట్టుకో, మందు దగ్గర మళ్లీ వస్తుంది.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదని నాకు తొలి ఏడే తెలిసింది. నక్కలాంటి కొయోటీల కోసం కొన్న 75 గ్రెయిన్ల తేలిక బుల్లెట్లు ఒక డబ్బా మిగిలితే, అవే లోడ్ చేసుకుని ప్రాంగ్‌హార్న్ వేటకు వెళ్లాను. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో స్పీడ్ చూసుకుని మురిసిపోయాను కూడా. గడ్డిలో పాకుతూ అరవై గజాల దాకా వెళ్లాను. అంత దగ్గరగా మళ్లీ ఎప్పుడూ దొరకలేదు. కొట్టాను, భుజం మీద తగిలింది. అది కూలబడి, లేచి, మూడు కాళ్ల మీద పరుగెత్తింది. సాయంత్రం వెలుతురు పోయే వేళకు వెతికి పట్టుకుని రెండో దెబ్బ వేయాల్సి వచ్చింది. తోలు తీసి చూస్తే భుజం మీద అరచేయంత పుండు, లోపల ఊపిరితిత్తులకు గీత కూడా పడలేదు. ఆ బుల్లెట్‌ను తాకగానే ముక్కలైపోయేలా తయారుచేశారు. కొయోటీకి అదే కావాలి, జింకకు కాదు. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు.

నీ రైఫిల్ బారెల్ లోపల బుల్లెట్‌ను గిరగిరా తిప్పే గాడి పది అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది. అంటే 85 నుంచి 100 గ్రెయిన్ల లోపు చూసుకో. 105, 108 అంటూ పొడవాటి మ్యాచ్ (గురి పోటీల) బుల్లెట్లు కనిపిస్తాయి, వాటికి ఎనిమిది అంగుళాలకే ఒక చుట్టు కావాలి. నీ బారెల్లో అవి సరిగా నిలబడవు. పైగా మ్యాచ్ బుల్లెట్ కాగితానికి చిల్లు పెట్టడానికే, జంతువుకు కాదు. హార్నడీ కంపెనీ 100 గ్రెయిన్ల ఇంటర్‌లాక్ బుల్లెట్ చవక, నమ్మకం. రెండొందల యాభై గజాల లోపు అదొక్కటి చాలు. నాస్లర్ వాళ్ల పార్టిషన్ కాస్త ఖరీదు. జాన్ నాస్లర్ 1946లో బ్రిటిష్ కొలంబియాలో ఒక మూస్‌ను కొడితే, ఒళ్లంతా బురద పట్టిన ఆ జంతువులోకి బుల్లెట్లు దిగనే లేదట. ఆ కోపంతో మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టి, ముందు సగం విచ్చుకునేలా, వెనక సగం చెక్కుచెదరకుండా దూసుకుపోయేలా చేశాడు. 1948 నుంచి అమ్ముతున్నారు. మ్యూల్ డీర్ భుజానికి అదే సరి.

నేనిప్పుడు వాడేది మాత్రం సీసం లేని రాగి బుల్లెట్, బార్న్స్ వాళ్లది. ఇందులో మీ అత్తయ్య చెయ్యి ఉంది. సీసం బుల్లెట్ తాకినచోట చుట్టూ సన్నటి తునకలు మాంసంలోకి చిమ్ముతాయి. ఆమె ఆ వైపు జానెడు మాంసం కోసి పారేయమంటుంది, నాకేమో ప్రాణం ఒప్పదు. రాగితో ఆ గొడవ లేదు. కాలిఫోర్నియాలో అయితే 2019 జులై 1 నుంచి వేటకు సీసం పూర్తిగా బంద్. కాకపోతే రాగి తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవుగా ఉంటుంది. అందుకే రాగిలో ఒక మెట్టు తగ్గి 80, 85 గ్రెయిన్లు తీసుకో. స్పీడ్ తగ్గితే సరిగా విచ్చుకోదు కూడా, కాబట్టి దానితో మరీ దూరం వెళ్లకు.

ఇక దూరం. మైదానంలో గాలి ఊరుకోదు. గంటకు పది మైళ్ల అడ్డగాలి ఉంటే, మూడొందల గజాల దగ్గర 100 గ్రెయిన్ల బుల్లెట్ ఏడెనిమిది అంగుళాలు పక్కకు పోతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటే అంత ఉంటుంది. నువ్వు స్పీడ్ ఇంకో యాభై అడుగులు పెంచితే ఈ లెక్కలో తేడా అరంగుళం కూడా రాదు.

ఇప్పుడు మందు. చిన్నప్పుడు మీ అమ్మమ్మ ఇంట్లో పొయ్యి చూశావు కదా. వరిగడ్డి వేస్తే భగ్గున మండి ఆరిపోతుంది, తుమ్మమొద్దు నిదానంగా రగిలి చివరిదాకా కాక ఇస్తుంది. పౌడర్లూ అంతే. .243లో కడుపు పెద్దది, మెడ సన్నం. గడ్డిమంట లాంటి మందు వేస్తే బుల్లెట్ కదిలేలోపే ఒత్తిడి నెత్తికెక్కుతుంది. తుమ్మమొద్దు రకం కావాలి. మందు డబ్బాల పేర్లలో ఉండే 4350, 4831 అనే అంకెల చుట్టూ చూసుకో. నేను వాడేది హెచ్4350. తేలిక బుల్లెట్లకు వార్గెట్ అనే మందు కూడా నడుస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నిదానంగా చదువు. హెచ్4831 వేరు, ఐఎంఆర్ 4831 వేరు. అంకె ఒకటే, మందు ఒకటి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన మందును బ్రూస్ హాడ్జ్‌డన్ కొని జనానికి అమ్మాడు, హెచ్4831 పుట్టుక అదీ. ఐఎంఆర్ పేరుతో తర్వాత వచ్చింది దానికన్నా త్వరగా మండుతుంది. ఒకదాని లెక్క చూసి రెండోది పోశావంటే రైఫిల్ మీదికే ముప్పు. 4350లదీ అదే కథ. షాపులో అంకె కాదు, పేరు మొత్తం చదివి కొను. హెచ్4831ఎస్‌సీ అని ఉంటే మాత్రం కంగారు పడకు, అదే మందు, మందు పుల్లలు పొట్టిగా కోశారు, మందు కొలిచి పోసే కొలపాత్రలోంచి సాఫీగా జారుతుంది.

నేను హెచ్4350 దగ్గర ఆగిపోవడానికి స్పీడ్ కారణం కాదు. మనం లోడ్లు పరీక్షించేది జులై ఎండలో, వేట అక్టోబర్, నవంబర్లలో. కొన్ని మందులు ఎండలో రెచ్చిపోతాయి, చలిలో నీరసిస్తాయి. ఇది వాతావరణాన్ని పెద్దగా పట్టించుకోదు. రెండోది, కేస్ దాదాపు నిండుతుంది. పొరపాటున రెండుసార్లు పోస్తే పొర్లి టేబుల్ మీద పడుతుంది, కంటికి కనిపిస్తుంది. నీలాంటి కొత్తవాడికి ఇంతకన్నా మంచి కాపలా లేదు.

ఎన్ని గ్రెయిన్లు పోయాలో నేను రాయను. అడగకు. నా బారెల్‌కు సరిపడ్డది నీ బారెల్‌కు ఎక్కువ కావచ్చు. హాడ్జ్‌డన్ వాళ్ల సైట్‌లో లెక్కలు ఉచితంగానే ఉన్నాయి, బుల్లెట్ కంపెనీ మాన్యువల్ ఒకటి కొనుక్కో. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. మొదలు, గరిష్ఠం అని రెండు అంకెలుంటాయి. మొదలు దగ్గరే మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్లు. మొదలు కన్నా తగ్గిస్తే ఇంకా సేఫ్ అనుకోకు, నెమ్మది మందు మరీ తక్కువ వేసినా ప్రమాదమే. బోల్ట్ (కేస్‌ను బయటికి లాగే పిడి ఉన్న భాగం) ఎత్తడం బిగుసుకుందా, ప్రైమర్ (కేస్ అడుగున మందును అంటించే చిన్న టోపీ) చదునై పోయిందా, కేస్ అడుగున మెరిసే మచ్చ పడిందా, ఒత్తిడి మితిమీరిందన్నమాట, మాన్యువల్ ఏం చెప్పినా అక్కడితో ఆపెయ్. ప్రైమర్ బ్రాండ్ మార్చినా మళ్లీ కింది నుంచే. కేస్ పొడవు 2.045 అంగుళాలు దాటితే ట్రిమ్ చెయ్యి, అంటే మూతి కోసి పొట్టి చెయ్యి, .243 కేసులు తొందరగా సాగుతాయి. వంద గజాల దగ్గర మూడు గుళ్లు అంగుళంలో పడితే చాలు. అరంగుళం కోసం తిరిగితే నీ పౌడర్, బారెల్, శని ఆదివారాలు మూడూ అయిపోతాయి.

ఒకసారి కొలపాత్ర గొట్టంలో మందు అలాగే వదిలేసి పడుకున్నాను. మర్నాడు చూస్తే షెల్ఫ్‌లో రెండు డబ్బాలు, గొట్టంలో నల్లటి పుల్లలు. ఏ డబ్బాలోదో ఎంత ఆలోచించినా తేలలేదు. వాసన చూశాను, వేళ్ల మధ్య నలిపి చూశాను, కళ్లద్దాలు పెట్టుకుని పక్కపక్కన పోసి చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. మొత్తం తీసుకెళ్లి పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేశాను. అప్పటినుంచి టేబుల్ మీద ఒక్కటే డబ్బా, పని అవగానే మందు తిరిగి ఆ డబ్బాలోకే. త్రాసు ఏసీ గాలికి అటూఇటూ ఊగుతుంది, వెంట్ మూసేసి తూచు. పక్కన ఫోన్ ఉండకూడదు. ఈ మందు ముట్టుకునే రోజు ఆ మందు ముట్టకూడదు, నీకు విడిగా చెప్పాలా.

ఇంకో మాట. నీకు గ్రీన్ కార్డ్ వచ్చింది, నీ రూమ్మేట్ ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నాడు. వేట లైసెన్స్ లాంటి మినహాయింపు లేకపోతే అతను తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. అన్నీ నీ గదిలో, నీ తాళం కింద ఉండాలి. నువ్వు చేసిన రౌండ్లు ఎవరికీ అమ్మకు, దానికి లైసెన్స్ వేరే. మీ అమ్మకు మాత్రం ఈ వేట సంగతి నువ్వే చెప్పుకో. కృష్ణజింక మన ఆంధ్ర రాష్ట్ర జంతువు, 1972 చట్టం కింద దాన్ని కొడితే జైలే. అమెరికాలో జింకను కొట్టానంటే ఆమె గుండె ఆగినంత పని అవుతుంది.

శనివారం పొద్దున్నే రా. కాల్చిన కేసులు పారేయకుండా మూటకట్టి తీసుకురా, రైఫిల్ కూడా. పౌడర్ ఇప్పుడే కొనకు, ఒక పౌండు డబ్బాతో నూట యాభై పైన వస్తాయి, నా దగ్గర సీల్ తీయనిది ఒకటి ఉంది. బుల్లెట్లు మాత్రం వచ్చే దారిలో రెండు రకాలు తీసుకో, ఒక్కోటి ఒక డబ్బా. పోయినేడు ప్రాంగ్‌హార్న్ మాంసంతో పెట్టిన పచ్చడి జాడీ అడుగున కొంచెం మిగిలింది, నీకోసం దాచానని అత్తయ్య చెప్పమంది.

మీ మామయ్య