సొంత కారు లేదు, చుట్టాల కార్లు నడుపుతుంటాను. నా పేరున ఇన్సూరెన్స్ దొరుకుతుందా? అమెరికాలో అలా ఇస్తారని మా తమ్ముడు అంటున్నాడు.

అమెరికాలో అలాంటిది ఉందని మీ తమ్ముడు చెప్పింది నిజమేనండి. అక్కడ దాన్ని నాన్ ఓనర్ పాలసీ అంటారు. అదీ ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికే, అడిగి తెచ్చుకున్న కారు రిపేరుకి రాదు. మన దగ్గర పాలసీ బండికి ఉంటుంది. మీకు లైసెన్సు ఉండి, ఓనరు ఇష్టపడి తాళం ఇస్తే, ఎదుటివాళ్లకి దెబ్బ తగిలినప్పుడు ఆ బండి థర్డ్ పార్టీ పాలసీయే పనిచేస్తుంది.

నాకిది 2021లో అనుభవమైంది. రావులపాలెంలో మా బావగారి కారు తీసుకుని, అక్కావాళ్ల అత్తగారిని అమలాపురం ఆస్పత్రిలో చూపించడానికి బయల్దేరాను. కొత్తపేట దాటాక, కాలవ పక్క రోడ్డు మీద ముందు వెళ్తున్న అరటి గెలల ఆటో ఉన్నట్టుండి ఆగింది. తప్పించబోయి ఎదురొస్తున్న మోపెడ్‌కి తగిలించి, కొబ్బరి చెట్టుని గుద్దాను. మోపెడ్ ఆయన కాలు విరిగింది. ఆయన వెనక కట్టుకున్న కొబ్బరికాయలు ఒక్కొక్కటే కాలవలో పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. పెద్దావిడకి ఏమీ కాలేదు. నా భుజం ఎముక విరిగింది.

పోలీసులు ఆర్సీ, ఇన్సూరెన్స్, లైసెన్సు అడిగారు. పాలసీ కాపీ చూస్తే గడువు ఇంకా పదకొండు రోజులే ఉంది. ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్‌లో తేలాక మోపెడ్ ఆయన పరిహారం ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టింది. గడువు దాటిపోయి ఉంటే ఆ డబ్బు బావగారూ నేనూ కట్టుకోవాలి. పైగా ఇన్సూరెన్స్ లేని బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు. ఓనర్ని కానని చెప్పినా నడిపినవాడి మీద కేసు తప్పదు.

కారు రిపేరు బావగారి ఫుల్ ఇన్సూరెన్స్‌లో వచ్చింది కానీ, ఐదేళ్లుగా క్లెయిమ్ లేకుండా తెచ్చుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోయింది. మరుసటి ఏడు ప్రీమియంలో పెరిగిన తేడా ఆయన వద్దంటున్నా నేనే కట్టాను. అలా కట్టడం మన బాధ్యతేనని నా అభిప్రాయం.

ఇక నా భుజం సంగతి. పాలసీలో 15 లక్షల యాక్సిడెంట్ కవర్ ఉందిగా అనుకున్నాను. అది ఆర్సీలో పేరున్న మనిషికేనట, అదీ ప్రాణం పోతేనో, శాశ్వతంగా అవిటితనం వస్తేనో. ఆపరేషన్‌కైన 70 వేలు నాన్నగారి ధాన్యం డబ్బుల్లోంచి వెళ్లాయి. అందుకే మీ పేరున తీసుకోవాల్సింది హెల్త్ పాలసీ, పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. కనీసం బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా అయినా రాయించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంట్లోవాళ్లకి 2 లక్షలు. ఆస్పత్రి బిల్లు మాత్రం ఇవ్వరు.

సంక్రాంతికి మన వైపు తెల్ల నంబరు ప్లేటు కార్లు అద్దెకి ఇస్తుంటారు, వాటి జోలికి వెళ్లకండి. సొంత వాడకానికి రాసిన పాలసీ అది. అద్దెకి తిప్పారని తెలిస్తే కంపెనీ క్లెయిమ్ కాదంటుంది. జీతానికి ఎవరి కారైనా నడపాల్సి వస్తే, పెయిడ్ డ్రైవర్ కవర్ వేయించమని ఓనర్ని అడగండి. దానికి పడేది ఏడాదికి 50 రూపాయలే. చుట్టాల కారైనా సరే, తాళం తీసుకునే ముందు ప్రభుత్వంవారి ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్స్ తేదీ చూడండి. నేనిప్పుడు బావగారి ముందే చూస్తాను, ఆయనేమీ అనుకోరు.