కొత్త మార్కర్ కొన్న అల్లుడికి

చి॥ అల్లుడికి,

మామయ్య దీవెనలు. నువ్వు కొన్న పెయింట్‌బాల్ మార్కర్, అదే రంగు బంతులు కాల్చే గాలి తుపాకీ, ఫొటో చూశాను. టిప్‌మన్ 98 కస్టమ్ మొండి ఘటం. బ్యాటరీ లేదు, బోర్డు లేదు, సెన్సర్ లేదు. స్ప్రింగు, వాల్వ్‌ని కొట్టే హ్యామర్, గాలి, అంతే. ఇసుకలో పడ్డా దులిపి ఆడుకోవచ్చు. మంచిదే కొన్నావు.

నవ్వొచ్చింది మాత్రం ఫొటో కింద నువ్వు రాసిన జాబితా చూసి. పొడుగు బ్యారెల్, రెస్పాన్స్ ట్రిగ్గర్, ఎక్స్‌పాన్షన్ చాంబర్, భుజానికి ఆనించే స్టాక్... ఇన్ని రాశావు గానీ అందులో మాస్కు లేదు, గాలి సిలిండర్ లేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంది. ఆ జాబితా పక్కన పెట్టి ఇది చదువు.

ముందు చట్టం సంగతి. నీ మార్కర్ గొట్టం కొలత 0.68 అంగుళం, అంటే 17 మిల్లీమీటర్ల పైమాటే. బజార్లో చూసే మామూలు ఎయిర్ రైఫిల్‌ది 0.177. కాబట్టి "గాలి తుపాకే కదా" అన్న ధీమా వద్దు. బిల్లు జిరాక్సు తీసుకుని పోలీస్ కమిషనరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే విభాగానికి వెళ్ళి, రాతపూర్వకంగా అడిగి, జవాబు కాగితం మీద తెచ్చుకో. బైకు మీద తీసుకెళ్ళేటప్పుడు మూసిన బ్యాగులో, సిలిండర్ విప్పి, బంతులు తీసేసి పెట్టు. చెన్నై వేళచ్చేరిలో మీ అపార్ట్‌మెంట్ మేడ మీద "ఒక్కసారి చూద్దాం" అని కాల్చకు. నల్లటి బాడీ దూరం నుంచి అచ్చు తుపాకీలాగే కనిపిస్తుంది. ఎవరైనా ఫోన్ చేస్తే వచ్చే పోలీసుకి అది రంగు బంతులది అని ఎలా తెలుస్తుంది? నిండిన సిలిండర్‌తో రైలూ ఎక్కకు, విమానమూ ఎక్కకు.

ఇక మాస్కు. మూడు గ్రాముల బంతి సెకనుకు 85 మీటర్ల వేగంతో వస్తుంది. చొక్కా మీద తగిలితే వాత, కంట్లో తగిలితే కన్నే పోతుంది. బైకు హెల్మెట్ అద్దం, ల్యాబ్ కళ్ళజోడు, ఈత కళ్ళజోడు ఏదీ పనికిరాదు. పేకెట్ మీద ఏఎస్‌టీఎం ఎఫ్1776 (పెయింట్‌బాల్ కళ్ళ రక్షణకి పెట్టిన ప్రమాణం) అని ఉన్నది, చెవులు, దవడ కప్పేది తీసుకో. ఇంకో షరతు చెన్నై కోసం: అద్దం రెండు పొరల థర్మల్ లెన్స్ అయి ఉండాలి. ఒంటి పొర అద్దం ఇక్కడి ఉక్కలో రెండు నిమిషాలకే మసకబారుతుంది. మసకబారితే చెయ్యి దానంతటదే మాస్కు పైకెత్తుతుంది, ప్రమాదాలన్నీ ఆ క్షణంలోనే. థర్మల్ లెన్స్‌ని కుళాయి కింద పెట్టి కడగకు. రెండు పొరల మధ్యకి నీళ్ళు దిగితే ఇక అంతే. తడిపి పిండిన మెత్తటి గుడ్డ చాలు. కిటికీ అద్దాల స్ప్రే వద్దు. దగ్గర్నుంచి బలంగా దెబ్బ తగిలినా, గీత పగులులా కనిపించినా లెన్స్ మార్చేయ్. అక్కడ పొదుపు చెయ్యకు.

ఇప్పుడు గాలి. నీ మార్కర్ కార్బన్ డయాక్సైడ్‌తోనూ, అధిక పీడన గాలితోనూ నడుస్తుంది. దుకాణంవాడు మొదటిది చౌక అంటాడు, నిజమే. కానీ అది సిలిండర్లో ద్రవంగా ఉండి, ఆవిరైతేనే ఒత్తిడినిస్తుంది. 21 డిగ్రీల దగ్గర ఆ ఒత్తిడి 850 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చుట్టుపక్కల ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే ఆ గ్యాసు ద్రవంగా ఉండనే ఉండదు, ఆ పైన ఒత్తిడి ఎండతో పాటు ఎగబాకుతుంది. చెన్నైలో 31 దాటని మధ్యాహ్నం ఏడాదిలో ఎన్ని రోజులు దొరుకుతుంది? పొద్దున ఏడింటికి సెకనుకు 270 అడుగుల వేగం దగ్గర సెట్ చేసిన మార్కర్ పదకొండింటికి 300 దాటి కొట్టగలదు. అదే మార్కర్‌తో గబగబా ఇరవై బంతులు కాలిస్తే సిలిండర్ చల్లబడి వేగం పడిపోతుంది. ద్రవం లోపలికి పీలిస్తే ఓ-రింగులు, అంటే గాలి కారకుండా ఆపే గుండ్రటి సీళ్ళు, గడ్డకట్టి చిట్లుతాయి. ఈ బాధలన్నిటికీ మందుగా అమ్మేదే ఎక్స్‌పాన్షన్ చాంబర్, అంటే ద్రవం మార్కర్లోకి వెళ్ళేలోపు ఆవిరవడానికి చోటిచ్చే గొట్టం. గాలి సిలిండర్‌కైతే ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ దాని తలలోనే ఉంటుంది. లోపల ఎంత ఒత్తిడి ఉన్నా బయటికి 800 పీఎస్ఐ ప్రాంతంలోనే వదులుతుంది. అందుకే గాలి సిలిండర్ కొను, చాంబర్ జాబితాలోంచి కొట్టెయ్.

ఏ సిలిండర్ కొనాలంటే, ముందు ఎక్కడ నింపిస్తావో చూసుకో. పంక్చర్ షాపు కంప్రెసర్ నూట యాభై పీఎస్ఐ ఇస్తే గొప్ప, నీకు కావలసింది 3000. అది స్కూబా ట్యాంకులు, అంటే సముద్రంలో మునిగి ఈదేవాళ్ళ గాలి ట్యాంకులు, నింపేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. స్కూబా ట్యాంకు మామూలుగా 200 బార్, అంటే సుమారు 2900 పీఎస్ఐ. దానికి సరిపోయే జత 48 ఘనపుటంగుళాల, 3000 పీఎస్ఐ అల్యూమినియం సిలిండర్. మన లెక్కలో ముప్పావు లీటరు పైచిలుకు. ఒక నింపుకి దాదాపు నాలుగైదు వందల బంతులు వస్తాయి. 68 ఘనపుటంగుళాల, 4500 పీఎస్ఐ కార్బన్ ఫైబర్‌ది తేలిక, పెద్దది, ఖరీదు. కానీ 300 బార్ ఇచ్చే కంప్రెసర్ అందుబాటులో లేకపోతే దాన్ని మూడింట రెండొంతులే నింపుకుంటావు. ఇంకొకటి, స్కూబా ట్యాంకులోంచి నీ సిలిండర్లోకి వంపేటప్పుడు ప్రతి నింపుకీ పెద్ద ట్యాంకు ఒత్తిడి కాస్త తగ్గుతుంది. వరసలో నువ్వు ఐదోవాడివైతే నీకు 3000 రాదు. తొందరగా వెళ్ళు.

నింపేటప్పుడు నిదానంగా, నిమిషం పైనే పట్టేలా నింపమను. గబుక్కున కొడితే సిలిండర్ వేడెక్కి, చల్లారాక ఒత్తిడి చూపే గేజి ముల్లు కిందికి దిగిపోతుంది. సిలిండర్ మీద ఒత్తిడి పరీక్ష (హైడ్రో పరీక్ష) చేసిన నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది. ఐదేళ్ళకోసారి ఆ పరీక్ష మళ్ళీ చేయించాలి. పాతది చవగ్గా వస్తుందంటే ముందు ఆ ముద్ర చూడు. నింపే నిపుల్‌లో నూనె, గ్రీజు చుక్క కూడా వెయ్యకు. అంత ఒత్తిడిలో గాలి దూసుకొస్తే నూనె అంటుకుని పేలుతుంది. ఆక్సిజన్ సిలిండర్‌తో నింపుతానన్నవాడి దగ్గర్నుంచి పరుగెత్తు.

మొదటిసారి సిలిండర్ బిగించే ముందు మార్కర్ కాక్ చెయ్. అంటే పక్కనున్న పిడిని వెనక్కి లాగి, హ్యామర్ పట్టుకునేలా వదులు. ఇది చెయ్యకుండా బిగిస్తే హ్యామర్ ముందుకొచ్చి వాల్వ్ మీద కూర్చుని ఉంటుంది, బ్యారెల్లోంచి బుస్సుమని గాలి పోతుంది. కొత్తవాళ్ళు దాన్ని లీకు అనుకుని మార్కర్ విప్పేస్తారు. క్రమం ఇది: మాస్కు పెట్టుకో, బ్యారెల్‌కి గుడ్డ తొడుగు వెయ్, సేఫ్టీ వెయ్, హాపర్ (బంతులు పోసే డబ్బా) ఖాళీగా ఉంచు, కాక్ చెయ్, సిలిండర్ కలిసే చోట రెండు మూడు చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వెయ్, సిలిండర్ బిగించు. తరువాత తొడుగు తీసి, సురక్షితమైన వైపు పదిసార్లు ఖాళీగా కాల్చు. నూనె లోపలికి పాకుతుంది. డబ్ల్యూడీ-40, కొబ్బరి నూనె, వంటనూనె జోలికి పోకు. బ్యారెల్లో మాత్రం నూనె ఉండకూడదు, బంతికి నూనె అంటితే పక్కకి వంకర పోతుంది. ఖాళీగా కాల్చాక స్క్వీజీ, అంటే బ్యారెల్ లోపల తుడిచేది, ఒకసారి లాగెయ్.

బంతి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు ఐదు బంతులు కాల్చి, పెద్ద అంకె సెకనుకు 280 అడుగులు దాటకుండా సెట్ చెయ్. వేగం స్క్రూ ఎడమ పక్కన ఉంటుంది. లోపలికి తిప్పితే తగ్గుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది. చాలామంది ఇది తిరగేసి అనుకుంటారు. ఒకసారికి పావు చుట్టు మాత్రమే. మధ్యాహ్నం భోజనమయ్యాక మళ్ళీ చూసుకో.

ఆట అయ్యాక హాపర్ తీసి, లోపల మిగిలిన బంతులు కాల్చేసి, సిలిండర్‌ని ముప్పావు చుట్టు విప్పు. అప్పుడు దాని పిన్ను మూసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కుతూ లోపలి గాలి అయిపోగొట్టాక పూర్తిగా విప్పు. ఒకేసారి విప్పితే ఒత్తిడికి ఓ-రింగు చిరుగుతుంది, "కొత్త రింగే, ఎందుకు పోయింది" అని తల పట్టుకుంటావు.

ఆ రింగు సంగతి చెప్పాలి, ఎందుకంటే పది లీకుల్లో ఎనిమిది అదే. సిలిండర్ మెడ మీదిది 015 సైజు. చెన్నైలో ప్యారిస్ కార్నర్ వైపు ఆయిల్ సీల్, బేరింగ్ అమ్మే దుకాణాల్లో 015 అంటే అర్థం కాకపోవచ్చు. లోపలి వ్యాసం 14 మిల్లీమీటర్లు, మందం 1.78, పాలీయురెథేన్, గట్టిదనం 90 అని అడుగు. నల్ల రబ్బరు రింగు గాలికైతే నడుస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌కి ఉబ్బి తెగుతుంది. పాతికైనా కొని బ్యాగులో వేసుకో. మెడ దగ్గర బుసకొడితే రింగు మార్చు. కాక్ చేసి ఉన్నా బ్యారెల్లోంచి గాలి పోతుంటే వాల్వ్ సీల్ మీద చెత్త చేరిందన్న మాట, లేదా అది అరిగింది. ఒకసారి నొక్కితే టపటపా నాలుగైదు కాల్చేస్తే మార్కర్‌కి పిచ్చి పట్టలేదు. సిలిండర్లో గాలి అడుగంటి, హ్యామర్‌ని పూర్తిగా వెనక్కి నెట్టలేకపోతోంది. నింపాక కూడా అలాగే చేస్తే అప్పుడు హ్యామర్‌ని పట్టి ఆపే సియర్ అరిగిందేమో చూడు.

విప్పేటప్పుడు అంగుళాల కొలత అలెన్ కీ సెట్ కొనుక్కో. మన మిల్లీమీటర్ల కీలు దాదాపుగా దూరతాయి, ఆ "దాదాపు" వల్లే స్క్రూ తలలు గుండ్రంగా అరిగిపోతాయి. బాడీ రెండు చెక్కలు. ఎడమ చెక్క పైకి ఉండేలా తెల్ల తువ్వాలు మీద పడుకోబెట్టి నిదానంగా ఎత్తు, ఎత్తే ముందు ఫొటో తీసుకో. చిన్న స్ప్రింగులు ఎగిరి మంచం కిందికి పోతాయి. బిగించేటప్పుడు అల్యూమినియం మరలు గుర్తుంచుకో, చేతికి ఆగింది చాలు. సముద్రపు గాలికి స్టీలు స్క్రూలు తుప్పు పడతాయి. నూనె గుడ్డతో తుడిచి దాచు.

గురి కుదరడం లేదని అందరూ బ్యారెల్‌ని తిడతారు. చెన్నైలో దోషం బంతిది. దాని తొడుగు జెలటిన్, తేమని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, కోడిగుడ్డులా సాగుతుంది. అలాంటి బంతికి ఎంత ఖరీదైన బ్యారెల్ వేసినా వంకరే. కేసుకి 2000, సంచికి 500 వస్తాయి. ఒకే రోజు ఆడేటన్నే కొను. మిగిలితే గాలి చొరని డబ్బాలో, ఏసీ గదిలో పెట్టి, వారానికోసారి డబ్బా తిరగేస్తుండు, లేకపోతే కింద ఆనిన వైపు చదునవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకు. చల్లటి బంతిని బయటికి తీస్తే లోటాకి పట్టినట్టు చెమ్మ పడుతుంది, అదే దాని చావు. ఏసీ గదిలోంచి తీసుకెళ్ళిన సంచీ కూడా మైదానంలో అరగంట మూసే ఉంచి, బయటి వేడికి సర్దుకున్నాక విప్పు. చెమట చేత్తో హాపర్లోకి ముట్టుకోకు. నాణ్యత చూడాలంటే ఛాతీ ఎత్తు నుంచి సిమెంటు మీద పది వదులు. ఒకటి రెండుసార్లు ఎగిరి పగిలితే భేషు. మొదటి దెబ్బకే పగిలితే బ్యారెల్లోనూ పగులుతాయి. రబ్బరు బంతిలా ఎగురుతూనే ఉంటే ఎదుటివాడి ఒంటి మీద పగలవు, వాత మాత్రం మిగులుస్తాయి.

ఆ తరువాతే బ్యారెల్. బంతిని గొట్టంలో వేసి వంచితే జారిపోకూడదు, నోటితో ఊదితే బయటికి రావాలి. అది సరిపోలిక. వర్షాకాలంలో ఉబ్బిన బంతికీ, వేసవి బంతికీ ఒకే గొట్టం కుదరదు కాబట్టి, కొంటే లోపలి కొలత మార్చుకునే ఇన్సర్టులున్నది కొను. పొడవు 12 అంగుళాలు చాలు; ఇంకా పొడుగైతే దూరం పెరగదు, రాపిడి, గాలి ఖర్చు పెరుగుతాయి. 98 మరలు వేరు, టిప్‌మన్ వాళ్ళదే ఇంకో మార్కర్ ఏ-5 మరలు వేరు, అడిగి కొను.

మిగతా జాబితా? రెస్పాన్స్ ట్రిగ్గర్, అంటే గాలితో ట్రిగ్గర్‌ని ముందుకు నెట్టి గబగబా కాల్పించేది, గాలి తాగుతుంది, చాలా మైదానాల్లో ఒప్పుకోరు. స్టాక్ పెడితే మాస్కు దవడకి తగిలి కన్ను గురి దాకా రాదు. స్ప్రింగు కత్తిరించడం గురించి ఎవడైనా చెబితే వినకు. సిలిండర్ బరువుకి మణికట్టు నొప్పెడితే సిలిండర్‌ని నడుముకి కట్టుకుని అక్కణ్ణుంచి మార్కర్‌కి గాలి అందించే రిమోట్ గొట్టం ఒక్కటి మంచి ఖర్చు. దాన్ని మార్కర్‌కి బిగించే చివర కూడా 015 రింగే ఉంటుంది, పాతికకి బదులు ముప్పై కొను.

శనివారం సిలిండర్ కొనడానికి వెళ్తే దాని మెడ దగ్గర ముద్ర ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను. డబ్బు అప్పటిదాకా ఇవ్వకు.

మీ మామయ్య