ఇన్‌సర్ట్ చేశాక తలుపు సైజు ప్రాపర్టీస్‌లో కనపడటం లేదు, మారిస్తే తలుపు పక్కకు జరుగుతోంది: ఆటోకాడ్ బ్లాకులో ఏం సరిచేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా: అనంతపురంలో ఇళ్ల ప్లాన్‌లు గీస్తున్నారు. మెయిన్ డోర్, గది తలుపు, బాత్రూమ్ తలుపు మూడింటికీ ఒకే బ్లాకు (ఒకసారి గీసి పదేపదే వాడుకునే బొమ్మ) కావాలి. స్కేల్ చేస్తే ఫ్రేమ్ మందం కూడా పెరిగిపోతోంది. అందుకని బ్లాక్ ఎడిటర్‌లో కొలతల కన్‌స్ట్రైంట్‌లు (గీతల సైజును, స్థానాన్ని బిగించే నియమాలు) పెట్టారు. ఇప్పుడు ఆ కొలత ప్రాపర్టీస్‌లో రావడం లేదు, ఎడిటర్‌లో సంఖ్య మారిస్తే తలుపు బేస్ పాయింట్ వదిలి జరుగుతోంది.

మొదటిదానికి మందు చిన్నదే. మీరు వాడింది డిమ్‌కన్‌స్ట్రైంట్ (DIMCONSTRAINT) కమాండ్. అది బ్లాకు లోపలే పనిచేస్తుంది, బయటికి కనపడదు. బయట మార్చుకోవాల్సిన కొలతకు బీసీపారామీటర్ (BCPARAMETER) వాడాలి. పెట్టినవాటిని చెరిపే పని లేదు: బీసీపారామీటర్ కొట్టి కన్వర్ట్ ఆప్షన్ తీసుకుని, ఆ కొలతలను ఎంచుకుంటే మారిపోతాయి. గ్రిప్‌లు (కొలతను పట్టుకుని లాగే బాణాలు) ఎన్ని కావాలో కూడా చెప్పవచ్చు. ఓపెనింగ్ వెడల్పుకు 1, మిగతావాటికి 0 చాలు. అన్నిటికీ గ్రిప్‌లు పెడితే తలుపు మీద బాణాలు తప్ప ఏమీ కనపడవు.

రెండోదానికి కారణం ఫిక్స్ కన్‌స్ట్రైంట్ లేకపోవడం. ఏ మూల కదలకూడదో చెప్పకపోతే కొలత మారినప్పుడు ఏ వైపు జరపాలో సాఫ్ట్‌వేరే తేల్చుకుంటుంది. బేస్ పాయింట్ 0,0 దగ్గరున్న మూలకు జీసీఫిక్స్ (GCFIX) పెట్టండి. ఒక్క పాయింట్‌కే. మొత్తం గీతకు ఫిక్స్ పెడితే దాని దిశ కూడా బిగుసుకుంటుంది, తర్వాత పెట్టే కొన్ని కన్‌స్ట్రైంట్‌లు ఎదురు తిరుగుతాయి.

అయితే మీరు వివరించిన బ్లాకును అతుకులేసి సరిచేయడం కంటే కొత్తగా కట్టడమే తొందరగా అవుతుందని నా అభిప్రాయం. క్రమం ముఖ్యం: ముందు ఆకారం, తర్వాత ఆకారపు కన్‌స్ట్రైంట్‌లు, చివర్లో కొలతలు.

900 ఓపెనింగ్, 230 గోడ (మన 9 అంగుళాల గోడ) తీసుకుని నిజమైన సైజులోనే గీయండి (కొలతలన్నీ మి.మీ.లో). ఎడమ ఫ్రేమ్ 65 × 100 దీర్ఘచతురస్రం, దాని కింది ఎడమ మూల 0,0 మీద. కుడి ఫ్రేమ్ అంతే, కుడి మూల 900,0 దగ్గర. ఎడమ ఫ్రేమ్ లోపలి మూల 65,0 నుంచి కిందికి వేలాడే తలుపు రెక్క, మందం 35, పొడవు 770. ఆపైన 90 డిగ్రీల ఆర్క్. గోడకు మూడు ముక్కల పాలీలైన్: 0,0 నుంచి 0,230కి, అక్కణ్ణుంచి 900,230కి, తిరిగి 900,0కి. రెక్క ఫ్రేమ్‌లో కూర్చునే 12 మి.మీ. గాడిని వదిలేయండి. 1:100 ప్రింట్‌లో అది 0.12 మి.మీ., ఎవరికీ కనపడదు, ఫార్ములా మాత్రం చిక్కవుతుంది.

ఇక కన్‌స్ట్రైంట్‌లు. ప్రతి దీర్ఘచతురస్రంలో అడ్డగీతలు రెంటికీ హారిజాంటల్, నిలువుగీతలు రెంటికీ వర్టికల్. గోడ పాలీలైన్‌కూ అంతే. 0,0 మూలకు ఫిక్స్. రెండు ఫ్రేమ్‌ల బయటి మూలల మధ్య, రెండు పాయింట్ల ఆప్షన్‌తో హారిజాంటల్. ఫ్రేమ్‌ల కింది గీతలకు ఈక్వల్, నిలువు గీతలకు ఇంకో ఈక్వల్. గోడ పాలీలైన్ రెండు కొసలనూ ఫ్రేమ్ బయటి మూలలకు కోఇన్సిడెంట్ చేయండి (ఒకే పాయింట్‌కు అతికించండి). రెక్క పై ఎడమ మూలను ఎడమ ఫ్రేమ్ లోపలి మూలకు కోఇన్సిడెంట్. చివరగా ఆర్క్: కేంద్రం ఆ లోపలి మూలకే, ఒక కొస రెక్క కింది ఎడమ మూలకు, రెండో కొస కుడి ఫ్రేమ్ లోపలి మూలకు.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఆర్క్ మూడు చోట్లా అతుక్కున్నాక రెక్క పొడవు దానంతటదే తేలిపోతుంది: ఓపెనింగ్‌లోంచి రెండు ఫ్రేమ్‌లు తీసేస్తే వచ్చేదే, 900 - 130 = 770. మళ్లీ రెక్కకు పొడవు కొలత ఇవ్వబోతే ఓవర్ కన్‌స్ట్రైన్ అవుతుందని హెచ్చరిక వస్తుంది, దాన్ని రిఫరెన్స్ కొలతగా పెట్టుకోమంటుంది. చాలామంది ఆ హెచ్చరిక చూసి ముందు పెట్టిన కోఇన్సిడెంట్‌ను తీసేస్తారు. తీయాల్సింది అది కాదు, కొత్త కొలతనే వద్దనుకోవాలి.

ఇప్పుడు బీసీపారామీటర్‌తో ఐదు కొలతలు: ఓపెనింగ్, గోడ, ముఖం (65), లోతు (100), రెక్క (35). ఓపెనింగ్ కొలతకు ఫిక్స్ అయిన మూలను ముందు ఎంచుకోండి. పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టుకోండి. బీకన్‌స్టేటస్‌మోడ్ (BCONSTATUSMODE) అనే సెట్టింగ్‌ను 1 చేస్తే బిగువు రంగుల్లో తెలుస్తుంది: నీలం ఉంటే ఇంకా ఏదో వదులుగా ఉన్నట్టు, మెజెంటా అయితే పూర్తిగా బిగిసినట్టు, ఎరుపు అయితే గొడవ ఉన్నట్టు. అంతా మెజెంటా కాకుండా బ్లాకు సేవ్ చేయకండి. ఆ నీలం గీతే తర్వాత ఏదో ఒక ప్లాన్‌లో పక్కకు జారుతుంది.

మీ మూడు సైజులకు వ్యాల్యూ సెట్ లిస్టు (ఒక కొలతకు అనుమతించే విలువల జాబితా) కంటే బీటేబుల్ (BTABLE, కొలతల పట్టిక) మేలు. మెయిన్ డోర్‌కు వెడల్పు ఒక్కటే కాదు, టేకు ఫ్రేమ్ సైజు కూడా మారుతుంది కదా. పట్టికలో ఐదు కొలతలనూ నిలువు వరుసలుగా వేసి ఇలా నింపండి (ఓపెనింగ్, గోడ, ముఖం, లోతు, రెక్క):

మెయిన్ డోర్: 1050, 230, 75, 125, 40
బయటి గోడలో గది తలుపు: 900, 230, 65, 100, 35
అడ్డుగోడలో గది తలుపు: 900, 115, 65, 100, 35
బాత్రూమ్: 750, 115, 65, 100, 30

కింద ఉండే 'పట్టికలో వరుసతో సరిపోలాలి' అన్న గడిలో టిక్ పెట్టండి. లేకపోతే ఎవరో ఒకరు 125 లోతు ఫ్రేమ్‌ను 115 గోడలో పెడతారు, ఫ్రేమ్ గోడ బయటికి 10 మి.మీ. పొడుచుకొస్తుంది. కన్‌స్ట్రైంట్‌ల లెక్కలో అది తప్పు కాదు కాబట్టి ఆడిట్ బటన్ నొక్కినా పట్టుకోదు. 3 అడుగులంటే కచ్చితంగా 914.4, 3 అడుగుల 6 అంగుళాలంటే 1066.8. మీ ఆఫీసులో 900, 1050 అని రాస్తారా, అడుగుల లెక్కే రాస్తారా అన్నది ముందే తేల్చుకోండి. బ్లాకు యూనిట్ మి.మీ. అని ఉందో లేదో కూడా చూసుకోండి. అంగుళాల డ్రాయింగ్‌లో ఇన్‌సర్ట్ చేస్తే సాఫ్ట్‌వేర్ యూనిట్‌ను బట్టి 25.4తో భాగిస్తుంది.

సేవ్ చేసేముందు బీటెస్ట్‌బ్లాక్‌లో (BTESTBLOCK, బ్లాకును పరీక్షించే విండో) నాలుగు వరుసలూ ఒక్కొక్కటిగా మార్చి చూడండి. ఆర్క్ లేదా రెక్క ఎదురు వైపుకు తిరిగిపోతే కన్‌స్ట్రైంట్ తప్పని కాదు. రెక్క ఏ వైపు ఉండాలో వర్టికల్ అనేది చెప్పదు, గీసిన ఆకారానికి దగ్గరగా ఉన్న జవాబును సాఫ్ట్‌వేర్ వెతుక్కుంటుంది. నిజమైన సైజులో గీయమన్నది అందుకే.

ఎడమ, కుడి తలుపులకు ఫ్లిప్ యాక్షన్ జోలికి పోవద్దు. ఫిక్స్ పెట్టిన ఆకారం మీద స్ట్రెచ్, ఫ్లిప్ లాంటి యాక్షన్‌లు కలిపితే ఎప్పుడు ఏది గెలుస్తుందో చెప్పలేం. ఇన్‌సర్ట్ చేశాక మిర్రర్ కొట్టండి, చాలు. డి1, డి2 అన్న గుర్తును మామూలు టెక్స్ట్‌గా కాక యాట్రిబ్యూట్‌గా (బ్లాకులో విడిగా నింపే అక్షరాలుగా) పెట్టి, మిర్‌టెక్స్ట్ (MIRRTEXT) సెట్టింగ్‌ను 0గా ఉంచితే అక్షరాలు తిరగబడవు. విజిబిలిటీ మాత్రం కన్‌స్ట్రైంట్‌లతో బాగానే నడుస్తుంది.

ఇదే పద్ధతిలో వంటింటి అలమరకు కడప బండల ఎలివేషన్ బ్లాకు చేయాలనుకుంటే ఒక హద్దు ఉంది. ఎత్తు మారితే బండల మధ్య ఖాళీని ఎత్తు/4 అన్న ఫార్ములాతో సమంగా పంచవచ్చు. కానీ బండల సంఖ్య 3 నుంచి 4కు మారాలంటే కన్‌స్ట్రైంట్ చేయలేదు, దానికి అర్రే యాక్షన్‌తో వేరే బ్లాకు కావాలి.

ఆటోకాడ్ ఎల్‌టీ (తక్కువ సదుపాయాల వెర్షన్) ఉన్న సిస్టమ్‌లో ఈ బ్లాకును వాడుకోవచ్చు, కొలత మార్చుకోవచ్చు. కొత్తగా కన్‌స్ట్రైంట్‌లు పెట్టడం మాత్రం పూర్తి ఆటోకాడ్‌లోనే, అదీ 2010 వెర్షన్ నుంచే. ఎక్స్‌ప్లోడ్ చేస్తే మిగిలేది వట్టి గీతలే. ప్లాన్‌లో ఇప్పటికే పెట్టిన తలుపు ఎక్కడైనా ఆకారం చెడితే రీసెట్‌బ్లాక్ (RESETBLOCK) కొట్టి మళ్లీ పట్టికలో వరుస ఎంచుకోండి.