ఆటలో అమ్మాయి, ఇంట్లో అబ్బాయి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. సెలవు రోజుల్లో ఫోన్‌లో బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే తుపాకీ ఆటలు ఆడుతుంటాడు. ఆడితే ఆడాడు లెమ్మనుకున్నాం గానీ, ఈ మధ్య గమనిస్తే రెండు ఆటల్లోనూ వాడి బొమ్మ ఆడపిల్లదే. దానికి ఏ జుట్టు బాగుంటుంది, ఏ డ్రెస్సు నప్పుతుంది అని స్నేహితులతో చర్చలు కూడా పెడుతున్నాడు. అది చూసినప్పటి నుంచి మా వారు వాడితో సరిగా మాట్లాడటం లేదు. ‘డాక్టరుకు చూపిద్దామా’ అని నన్ను అడుగుతున్నారు. ఇది మేము కంగారు పడవలసిన విషయమేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: డాక్టరుతో పని లేదని మీ వారికి చెప్పండి. ఆన్‌లైన్ ఆటల్లో మగవాళ్ళు ఆడ పాత్రను ఎంచుకోవడం ఎంత మామూలో తెలిస్తే ఆయన కంగారు సగం అక్కడే తగ్గుతుంది. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆటలో 375 మంది ఎలా ఆడుతున్నారో దగ్గరగా గమనించి కొందరు పరిశోధకులు 2014లో ఒక పత్రం ప్రచురించారు. అందులో మగవాళ్ళలో 23 శాతం మంది ఆడ పాత్రతో ఆడగా, ఆడవాళ్ళలో 7 శాతం మంది మాత్రమే మగ పాత్రతో ఆడారు. ఆటగాళ్ళ ఇష్టాయిష్టాలపై సర్వేలు చేసే క్వాంటిక్ ఫౌండ్రీ అనే సంస్థ 2021లో ఇచ్చిన వివరాల్లోనైతే, మగ ఆటగాళ్ళలో దాదాపు మూడింట ఒకరు తమకు ఆడ పాత్రే ఇష్టమన్నారు. ఇవి ప్రధానంగా పాశ్చాత్య ఆటగాళ్ళ లెక్కలే అయినా, మన ఊళ్ళలో పిల్లలు గుంపుగా కూర్చుని ఆడుతున్న ఫోన్లలోకి ఒకసారి తొంగి చూస్తే మీ అబ్బాయి ఒంటరివాడు కాడని మీకే తెలుస్తుంది.

ఇక ఎందుకు ఎంచుకుంటారన్నది. మీరు రాసిన రెండు ఆటల్లో ఒక దాని సంగతి వేరు, మరొక దాని సంగతి వేరు. ఫ్రీ ఫైర్‌లో ఒక్కొక్క క్యారెక్టర్‌కు ఒక్కొక్క ప్రత్యేక శక్తి ఉంటుంది. కెల్లీ అనే అమ్మాయి పరుగుల పోటీల్లో ఆరితేరినది కాబట్టి ఆ పాత్రను తీసుకున్నవారు మిగతావారికంటే వేగంగా పరిగెత్తగలరు. ఆ పాత్రను ఎంచుకున్న కుర్రవాడు కోరుకున్నది వేగాన్ని, ఆ వేగం అమ్మాయి రూపంలో దొరికింది, అంతే. కంప్యూటర్ మీద ఆడే వాలరెంట్‌లోనూ ఇదే తంతు. ముందుకు దూకి పోరాడాలనుకునే మగపిల్లలు ఎందరో జెట్ అనే అమ్మాయి పాత్రను తీసుకుంటారు, ఎందుకంటే గాలిలో దూసుకుపోయే శక్తి ఆమెకు ఉంది. అక్కడ ఆడా మగా అన్న ఆలోచనే వారికి రాదు.

బీజీఎంఐ అలా కాదు. దాని క్లాసిక్ మ్యాచ్‌లలో ఆడ బొమ్మకూ మగ బొమ్మకూ బలాబలాల్లో తేడా లేదు కనుక అక్కడ ఎంపిక కేవలం రూపం కోసమే. మీరు ఒకసారి మీ అబ్బాయి పక్కన కూర్చుని ఒక మ్యాచ్ మొత్తం చూడండి. విమానం నుంచి దూకినప్పటి నుంచి చివరి వలయం దాకా దాదాపు అరగంట సేపు తెరమీద నడుమ కనిపించేది ఆ బొమ్మ వీపే. పరిగెత్తినా, గోడ చాటున నక్కినా, బండి ఎక్కినా ఆటగాడి కళ్ళముందు ఉండేది ఆ బొమ్మే తప్ప ఆ బొమ్మ కళ్ళతో కనిపించే లోకం కాదు. అందువల్ల చాలామంది దానిని ‘నేను’ అని గాక, తాము నడిపించే, అలంకరించే ఒక బొమ్మగానే చూస్తారు. ‘గంటల తరబడి చూడవలసిన బొమ్మ చూడముచ్చటగా ఉంటే బాగుంటుంది కదా’ అనేది మగ ఆటగాళ్ళు సర్వేల్లో తరచుగా చెప్పే మాట. ఆడ బొమ్మలను మగవాళ్ళ చూపుకోసమే తయారు చేసే ధోరణి ఆటల సంస్థల్లో ఉంది, దానిమీద మీకు అభ్యంతరం ఉంటే నాకూ ఉంది. కానీ ఆ నింద వేయవలసింది సంస్థల మీద, మీ అబ్బాయి మీద కాదు. జుట్టు గురించీ డ్రెస్సు గురించీ చర్చలంటారా, ఔట్‌ఫిట్లు, స్కిన్లు (వస్తువుల పైరూపం మార్చే తొడుగులు) ఆటలో అమ్మకపు సరుకులు. బండికి ఏ రంగు స్కిన్ వేయాలా అని కూడా ఆ పిల్లలు అంతే పట్టుదలగా వాదించుకుంటారు.

అసలు ఎంచుకునే వీలే లేకపోతే ఏమవుతుందో చూపిన ఆట ఒకటుంది. ‘రస్ట్’ అనే ఆటను తయారుచేసినవారు 2016లో, ఆటగాడి ఖాతా సంఖ్యను బట్టి పాత్ర ఆడో మగో ఆటే నిర్ణయిస్తుందనీ, తరువాత దానిని మార్చుకోవడం కుదరదనీ నియమం పెట్టారు. అనుకోకుండా ఆడ రూపం వచ్చిన మగవాళ్ళలో కొందరు గట్టిగానే గొడవ చేశారు. తనకు నచ్చి ఆడ పాత్రను తీసుకున్నవాడికి లేని ఇబ్బంది, ఎవరో అంటగట్టినప్పుడు వచ్చింది.

‘ఎంతసేపూ ఆడపిల్లగా ఆడితే వాడి స్వభావమే మారిపోతుందేమో’ అన్నది మీ వారి మనసులోని అసలు భయమై ఉండవచ్చు. పాత్ర ప్రభావం ఆటగాడి మీద బొత్తిగా ఉండదని నేను అనను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నిక్ యీ, జెరెమీ బెయిలెన్‌సన్ 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, పొడవైన పాత్ర దొరికినవారు డబ్బు పంచుకునే బేరంలో గట్టిగా నిలబడ్డారు, అందమైన పాత్ర దొరికినవారు ఎదుటివారికి మరింత దగ్గరగా వెళ్ళి నిలబడ్డారు. అయితే అక్కడ మారింది ఆ కాసేపటి ధైర్యం, చొరవ. తాను ఆడా మగా అన్న లోపలి ఎరుక కాదు. ముందు చెప్పిన 2014 నాటి పరిశోధనలో నాకు బాగా నచ్చిన సంగతి కూడా దీనికి సంబంధించినదే. ఆడ పాత్ర తీసుకున్న మగవాళ్ళు మాటల్లో భావోద్వేగాలు ఎక్కువగా చూపారు, ఆశ్చర్యార్థకాలు ఎక్కువగా వాడారు. నడకలో మాత్రం దొరికిపోయారు. ఆడవాళ్ళకంటే ఎక్కువగా ఎగురుతూ, వెనక్కి నడుస్తూ, గుంపుకు దూరంగా ఉంటూ ఆడారు. వేషం మార్చినా వేళ్ళ అలవాటు మారలేదన్నమాట.

మీ వారికి నాటకాల మీద అభిమానం ఉంటే ఒక మాట గుర్తు చేయండి. సత్యభామ వేషంతో ఆంధ్రదేశాన్ని మెప్పించిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి భామాకలాపంలో అదే సత్యభామగా నర్తించిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో వచ్చింది. వారి సాధనకు తెరమీద వేలితో ఒక్క నొక్కు నొక్కడం సాటిరాదు, నిజమే. కానీ మగవాడు స్త్రీ పాత్ర ధరించడం మన ఇళ్ళలో ఎన్నడూ వినని వింత కాదని చెప్పడానికి ఆ రెండు పేర్లు చాలు.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఎక్కడో కొందరికి మాత్రం ఆట, తాము లోపల ఆడా మగా అన్నది నిదానంగా తేల్చుకునే చోటు అవుతుంది. అదీ జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో అటువంటి స్థితిని మానసిక వ్యాధుల అధ్యాయం నుంచి తీసివేశారు. కానీ ఆ విషయం ఆటలోని బొమ్మను చూసి మీరు కనిపెట్టగలిగేది కాదు. చెప్పవలసింది మీ అబ్బాయే, అదీ చెప్పాలని వాడికి ఉంటే. వాడు నోరు తెరిచి ఏదైనా చెప్పుకోగలగాలంటే ముందు నాన్న వాడితో మాట్లాడుతూ ఉండాలి. మీ ఉత్తరంలో నాకు కంగారు కలిగించినది ఆ ఆడ బొమ్మ కాదు, మీ వారి మౌనమే.

నిద్ర, చదువు, ఫోన్‌లో ఖర్చు చేసే డబ్బు, అపరిచితులతో మాటలు – గమనించవలసినవి ఇవి. ఆడ పేరుతో, ఆడ పాత్రతో తిరిగే పిల్లలకు తెలియనివారి నుంచి వెకిలి సందేశాలు రావడం మామూలు. మీ అబ్బాయికీ వచ్చి ఉండవచ్చు. ‘ఇలాంటివి వస్తే ఏం చేస్తావురా’ అని నెమ్మదిగా అడగండి. వాడు మీకు చెప్పకుండా దాచిన చికాకు ఏదైనా ఉంటే అప్పుడు బయటపడుతుంది.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. రాత్రి పని అయ్యాక వాలరెంట్ ఆడటం నాకున్న ఒకే ఒక సరదా. ఐడీ మగవాడి పేరుతో పెట్టుకున్నాను, మైక్ ఎప్పుడూ ఆన్ చేయను, తీసుకునేది కూడా ఎక్కువగా బ్రిమ్‌స్టోన్ లాంటి గడ్డం మామయ్య పాత్రనే. ఒకసారి మైక్ ఆన్ చేసినందుకు ఆట అయ్యేదాకా విన్న మాటలు ఇక్కడ రాయలేను. ఇలా దాక్కుని ఆడటం పిరికితనమేనా?
– పేరు వద్దు, గచ్చిబౌలి

జవాబు: కాదు. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ‘హేలో 3’ అనే ఆట ఆడుతూ, ముందే రికార్డు చేసిన కొన్ని మామూలు మాటలను ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో వినిపించారు, కొన్ని ఆటల్లో ఏమీ మాట్లాడలేదు. ఆడ గొంతుకు వచ్చిన దురుసు వ్యాఖ్యలు, మగ గొంతుకు గానీ మౌనానికి గానీ వచ్చినవాటికి మూడు రెట్లు. ఆ సమాచారాన్నే మళ్ళీ పరిశీలించి 2015లో ప్రచురించిన పత్రం ఇంకొక సంగతి బయటపెట్టింది. ఆడ గొంతు మీద ఎక్కువగా విరుచుకుపడినది ఆటలో వెనకబడినవారే. బాగా ఆడేవారికి ఆ అవసరం కలగలేదు.

ఖమ్మం నుంచి రాసిన తల్లికి చెప్పినదానికీ మీ విషయానికీ తేడా ఉంది. మగవాళ్ళకు ఆడ పాత్ర సరదా, సౌలభ్యం, అప్పుడప్పుడూ కానుకలు దక్కే దారి కూడా. ఆడవాళ్ళకు మగ రూపం చాలా సందర్భాల్లో గొడుగు. ఎండా వానా లేనప్పుడు గొడుగు ఎవరూ మోయరు. అయితే వాలరెంట్‌లో మీకు రక్షణ ఇస్తున్నది బ్రిమ్‌స్టోన్ గడ్డం కాదని గమనించారా? అక్కడ ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరూ అన్ని పాత్రలూ తీసుకుంటారు కనుక పాత్రను చూసి ఎవరూ ఏమీ ఊహించరు. మిమ్మల్ని దాస్తున్నది ఐడీ పేరు, మూసిన మైక్. అందువల్ల సేజ్‌గానో జెట్‌గానో ఆడాలని మీకు ఉంటే, రేపే ఆడవచ్చు. ఆ ఒక్క ముచ్చటనూ వదులుకోవలసిన పని లేదు.

మైక్ లేకపోవడంలో నష్టం మాత్రం ఉంది. స్పైక్ (ఆటలోని బాంబు) ఎక్కడ పెట్టారో, ఎవరు ఎటు నుంచి వస్తున్నారో నోటితో చెప్పే జట్టుకే ఆ ఆటలో పైచేయి. పింగ్ (జట్టుకు ఒక చోటును చూపే గుర్తు), టైపింగ్‌తో కొంత నెట్టుకురావచ్చు గానీ, ఎదుటివాడు మూల తిరిగి వచ్చేసరికి టైపు చేసే తీరిక ఎవరికి ఉంటుంది? తెలిసిన నలుగురిని కూడగట్టుకుని ఐదుగురూ కలిసి ఆడితే మైక్ తెరవడానికి భయం ఉండదు. 2021 నుంచి ఆ ఆటలో ఆడవాళ్ళ కోసం ‘గేమ్ ఛేంజర్స్’ పేరుతో పోటీలు కూడా నడుస్తున్నాయి. ఆ పోటీలను అనుసరించే అమ్మాయిల బృందాల్లో మీకు జట్టు దొరకవచ్చు. అపరిచితులతో ఆడిన రోజున మైక్ మూసుకోవడం మీ ఇష్టం, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. తిట్టినవాడిని మ్యూట్ చేసి ఊరుకోకుండా రిపోర్టు కూడా చేయండి. ఒకే ఖాతా మీద ఫిర్యాదులు పోగైతేనే సంస్థలు కదులుతాయి.

ప్రశ్న: బీజీఎంఐలో ఒక ‘అమ్మాయి’ పరిచయమైంది. ఆమె ప్రొఫైల్‌కు పాపులారిటీ గిఫ్టులు పంపాను, యూసీ (ఆటలో చెల్లే నాణేలు) కొనిచ్చాను, తరువాత ‘ఇంట్లో ఇబ్బంది’ అంటే యూపీఐలో డబ్బు కూడా పంపాను. తీరా చూస్తే అవతల ఉన్నది మగవాడు. కేసు పెట్టవచ్చా? అసలు మగవాళ్ళు ఆడ క్యారెక్టర్ తీసుకోకుండా ఆట కంపెనీలే ఎందుకు నియమం పెట్టవు?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: నియమం సంగతి ముందు చూద్దాం. చైనాలో 2007లో ఒక గేమ్ సంస్థ అటువంటి ప్రయత్నమే చేసింది. ఆడ పాత్రలు ఉన్నవారు వెబ్‌క్యామ్ ముందుకు వచ్చి తాము ఆడవాళ్ళమని చూపించుకోవాలని, లేకపోతే ఖాతా స్తంభింపజేస్తామని చెప్పింది. మీలాంటి ఒకరిద్దరిని కాపాడటానికి ఆడుకునే ప్రతి ఆడపిల్లా ఎవరో ఉద్యోగి ముందు ముఖం చూపించుకోవాలా? గచ్చిబౌలి పాఠకురాలు పైన రాసిన ఉత్తరం మళ్ళీ ఒకసారి చదవండి.

ఆడ పాత్ర తీసుకోవడం నేరం కాదు, ఆ పాత్రను చూసి మీరే అమ్మాయి అనుకుని గిఫ్టులు పంపితే దానిలో అవతలివాడి మోసం ఉన్నట్టు నిరూపించడం కష్టం. కానీ అతడు తాను అమ్మాయినని చెప్పి, వేరెవరివో ఫొటోలు పంపి, ఇబ్బందుల కథ అల్లి డబ్బు రాబట్టి ఉంటే లెక్క మారుతుంది. కంప్యూటర్ సాధనాల ద్వారా మరొకరిలా నటించి మోసగించడం సమాచార సాంకేతిక చట్టంలోని 66డి సెక్షన్ కిందికి వస్తుంది. శిక్ష 3 సంవత్సరాల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అందువల్ల మీ ఫిర్యాదులో గిఫ్టులనూ యూసీనీ వేరుగా, యూపీఐలో పంపిన డబ్బును వేరుగా రాయండి. రెండవ దానికే బలం ఎక్కువ. అతడిని నిలదీయడానికి ముందే మాటల స్క్రీన్‌షాట్లు, అతడి గేమ్ ఐడీ సంఖ్య, యూపీఐ లావాదేవీ సంఖ్యలు భద్రపరచుకోండి, ఎందుకంటే బ్లాక్ చేశాక అవేవీ చేతికి దొరకవు. తరువాత 1930 నంబరుకు ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేయండి. డబ్బు పంపి ఎంత తక్కువ సమయమైతే అది ఆగే అవకాశం అంత ఎక్కువ కనుక ఈ పత్రిక మీ చేతికి వచ్చేదాకా ఆగకుండా ఇప్పటికే ఆ పని చేసి ఉంటారని అనుకుంటున్నాను.