అమ్మగారికి ఉచితంగా వచ్చే పాస్‌కి 80 డాలర్లు కట్టకండి

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాన్నగారికి 67, అమ్మకు 63. ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది. ఏడాదిలో ఏడెనిమిది నెలలు మా దగ్గర, మిగతా రోజులు తెనాలిలో ఉంటారు. వచ్చే వేసవిలో గ్రాండ్ కాన్యన్, జయాన్, యోసెమిటీ నేషనల్ పార్కులు కార్లో చూపించాలని ఉంది. యోసెమిటీలో అన్నయ్య వాళ్లు న్యూజెర్సీ నుంచి వచ్చి వేరే కార్లో కలుస్తారు. మొత్తం తొమ్మిది మందిమి, నాలుగు రాత్రులు టెంట్లలో ఉంటాం. అమ్మకు చిన్నప్పుడు పోలియో వచ్చింది, చేతికర్ర లేకుండా నడవలేదు. ఇద్దరికీ చెరో 80 డాలర్లతో జీవితకాలపు సీనియర్ పాస్ (నేషనల్ పార్కుల్లోకి పెద్దవాళ్లకు ఇచ్చే ప్రవేశ పాస్) కొందామంటే, 'మళ్లీ వస్తామో రామో, అంత డబ్బెందుకు' అంటున్నారు నాన్నగారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అసలు సంగతి డబ్బుల దగ్గర లేదు, అమ్మగారి చేతికర్ర దగ్గర ఉంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

శాశ్వతమైన వైకల్యం వల్ల నడక, చూపు, వినికిడి లాంటివి బాగా దెబ్బతిన్న అమెరికా పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ యాక్సెస్ పాస్ అని ఒకటి ఇస్తారు. దానికి వయసుతో పని లేదు. జీవితాంతం చెల్లుతుంది, పైసా కట్టక్కర్లేదు. సీనియర్ పాస్‌తో ఏమేం వస్తాయో దీనితోనూ అవే వస్తాయి: గేటు దగ్గర కారు మొత్తానికి ప్రవేశం, ఫెడరల్ క్యాంపుగ్రౌండ్లలో చాలాచోట్ల సగం అద్దె. ఆ వైకల్యం శాశ్వతమని డాక్టరు రాసి సంతకం పెట్టిన ఉత్తరం, గ్రీన్‌కార్డు పట్టుకెళ్తే పాస్‌లు ఇచ్చే చోట చేతికిస్తారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే మాత్రం ప్రాసెసింగ్ ఫీజు పడుతుంది.

ఇది అమ్మగారిని ముందుగా అడిగి చేయండి. ఆ కాలుతోనే సంసారం ఈది, పిల్లల్ని ఇంతవాళ్లను చేసిన మనిషికి 'వైకల్యం' అని రాసిన కాగితం చేతిలో పెడితే మనసు చివుక్కుమనవచ్చు. వద్దంటే బలవంతం చేయొద్దు. 62 దాటారు కాబట్టి 20 డాలర్ల వార్షిక సీనియర్ పాస్ ఆమె పేరున తీసుకోండి. ఆ 20 డాలర్లు నేను దండగ అనను.

ఇక నాన్నగారి మాట. ఆయన లెక్క సరైనదే. సీనియర్ పాస్ రెండు రకాలు: ఏడాదికి 20, జీవితకాలానికి 80. చాలామంది గమనించనిది ఏమిటంటే, గతంలో కొన్న వార్షిక పాస్‌లు నాలుగు తిరిగిస్తే జీవితకాలపు పాస్ ఇస్తారు. అంటే ఏటా 20 కడుతూ పోయినా మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు, అదే 80 నాలుగు వాయిదాల్లో కట్టినట్టు. రెండేళ్ల తర్వాత ఆయన తెనాలిలోనే ఉండిపోతానంటే 40తో సరిపోతుంది. ఒకేసారి 80 కట్టేస్తే ఆ వెసులుబాటు ఉండదు. పాత పాస్‌లు పారేయకుండా దాచండి, అంతే.

'ఈలోగా ధర పెరిగితే?' అన్న భయం ఉంటుంది. 2017 ఆగస్టు 28కి ముందు జీవితకాలపు పాస్ 10 డాలర్లే. ఒక్కసారిగా 80 అయింది. కానీ అది ఊరికే పెంచింది కాదు. అందరూ కొనుక్కునే వార్షిక పాస్ ధర ఎంతో ఇదీ అంతే ఉండాలని 2016 చివర్లో చట్టం చేశారు. అప్పటి నుంచి 80 దగ్గరే ఉంది. 20తో మొదలుపెట్టడానికి నేను జంకను.

నాన్నగారికి వేరే పాస్ ఎందుకంటే, పాస్ ఎవరి పేరున ఉందో ఆ మనిషి కార్లో ఉండాలి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఒక పాస్ ఒక కారుకే. క్యాంపింగ్ రాయితీ కూడా ఆ మనిషి బస చేసే ఒక్క సైటుకే. యోసెమిటీలో పిల్లలతో కలిపి సైటుకు ఆరుగురికి మించి ఒప్పుకోరు, మీరు తొమ్మిది మంది. రెండు సైట్లు తప్పవు. అక్కడి అప్పర్ పైన్స్ క్యాంపుగ్రౌండులో రాత్రికి 36 డాలర్లు అనుకుంటే నాలుగు రాత్రులకు సైటుకు 144, సగం పోతే 72 మిగులు. మీ కారుకు మూడు పార్కుల్లో తలా 35 చొప్పున 105 అమ్మగారి పాస్‌తో తప్పుతుంది, ఒక సైటు మీద 72 కూడా. యోసెమిటీ గేటు దగ్గర నాన్నగారు అన్నయ్య కార్లో కూర్చుని, రాత్రి వాళ్ల సైటులో పడుకుంటే మరో 35, ఇంకో 72. ఇరవై పెట్టి నూట ఏడు. మనవళ్లతో ఆయనకు కాలక్షేపం కూడా.

సైటు బుక్ చేసేటప్పుడే పాస్ నంబరు అడుగుతారు, కాబట్టి రెండు పాస్‌లూ అంతకుముందే చేతిలో ఉండాలి. యోసెమిటీ పైన్స్ క్యాంపుగ్రౌండ్లకు ఐదు నెలల ముందు, నెలలో 15వ తేదీన, పసిఫిక్ టైము ఉదయం 7కి, అంటే మీకు 9కి బుకింగ్ తెరుస్తారు. నిమిషాల్లో అయిపోతాయి. నడక కష్టమైనవాళ్ల కోసం కొన్ని సైట్లు విడిగా ఉంటాయి, వాటిని చూడండి. పార్కు లోపలి హోటళ్లకు ఈ రాయితీ ఉండదు. ఆవకాయ జాడీతో సహా తిండి సామానంతా ఎలుగుబంట్ల కోసం పెట్టిన ఇనుప లాకర్లలోనే ఉంచాలి. చీకటి పడ్డాక కార్లో వదిలేస్తే 5,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.

ఇంకెవరైనా అత్తమామలు విజిటర్ వీసా మీద వస్తే, వాళ్లకు ఎంత వయసున్నా ఈ పాస్‌లు ఇవ్వరు. పైగా 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్ల వార్షిక పాస్ 250 డాలర్లయింది. మీరు వెళ్లే మూడింటితో సహా పదకొండు పార్కుల్లో ఆ పాస్ లేని అలాంటివాళ్లకు మనిషికి 100 అదనం కూడా పెట్టారు.

స్టేట్ పార్కుల్లో ఈ పాస్ చెల్లదు. కానీ మీ ఇంటి పక్కనే ఉన్న లూయిస్‌విల్, లావన్ చెరువులు ఫెడరల్ సంస్థ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ కట్టినవి. కోర్ సొంతంగా నడిపే క్యాంపుగ్రౌండ్లలో ఇవే పాస్‌లతో సగం అద్దె. నగరాలకు లీజుకిచ్చినవీ ఉంటాయి, బుక్ చేసే ముందు ఎవరు నడుపుతున్నారో చూసుకోండి. వసంతంలో ఒక శనివారం అక్కడ టెంటు వేసి పడుకోండి. రాత్రిపూట బాత్రూముకు ఎంత దూరం నడవగలరో అమ్మగారే చెబుతారు, యోసెమిటీలో ఏ సైటు తీసుకోవాలో దాన్నిబట్టి తేల్చుకోవచ్చు.