చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదనుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోస్తారు. మొన్న మధ్యాహ్నం తల తిరిగి కూలబడిపోయారు. పిక్కలు పట్టేశాయి, రెండు వాంతులయ్యాయి. నీడలో పడుకోబెట్టి నీళ్లు తాగిస్తే గంటకు తేరుకున్నారు. "ఒళ్లంతా చెమటే, ఇది వడదెబ్బ ఎలా అవుతుంది?" అంటూ అప్పుడే పనికి బయలుదేరుతున్నారు. బీపీ మాత్రలు వాడతారు. పంపవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే పంపకండి, కనీసం రెండు రోజులు చల్లపట్టున ఉంచండి. ఉప్పూ నీరూ చెమటలో పోయి ఒళ్లు అలసిపోయింది. ఇది వడదెబ్బకు ముందు మెట్టు. అక్కడితో ఆగింది కనుక గంటలో లేచి కూర్చున్నారు.

చెమట గురించి మీ నాన్నగారి మాట చాలామంది నోట వింటుంటాను. ఎండకు ఇంట్లోనే సొమ్మసిల్లే వృద్ధుల్లో ఒళ్లు పొడిబారడం నిజమే. బరువులు మోసేవారికి మాత్రం బయటి ఎండకు కండరాల్లో పుట్టే వేడి తోడవుతుంది. చెమట ధారలు కడుతుండగానే వడదెబ్బ తగలవచ్చు. అందుకే నేను ముందు మాట చూస్తాను. పేరు, ఊరు అడిగితే తికమకపడుతున్నారా? ఊరికే కసురుకుంటున్నారా? అయితే ఒంట్లో వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి మెదడును తాకిందనే అనుకోండి. 108కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపే చొక్కా విప్పి నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. చేతికందింది కదా అని మిర్చి గోనె తడిపి కప్పేరు, ఆ ఘాటుకు కళ్లూ ఒళ్లూ మండిపోతాయి! స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. పారాసెటమాల్ ఈ వేడిని దించదు, ఇది జ్వరం కాదు.

ఇక బీపీ మాత్రలు. చీటీలో క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయాజైడ్ వంటివి ఉంటే అవి ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపుతాయి. సొంతంగా ఆపేయకండి; జరిగింది చెప్పి మీ డాక్టరుతో మోతాదు చూపించుకోండి. రోజూ ఓఆర్‌ఎస్ తాగవచ్చా అన్నదీ ఆయననే అడగండి. తాగినప్పుడు పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు.

మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చే పదార్థం కిడ్నీలను పాడుచేస్తుంది.

మళ్లీ పనిలోకి దిగాక మొదట ఉదయం పూటే మోయనివ్వండి. పాత బరువుకు చేరడానికి వారం, పది రోజులు పట్టనివ్వండి. ముఠాలో పక్కనుండే వారికి కూడా ఇదంతా చెప్పి ఉంచండి. మాట తడబడితే ఆ సంగతి ఆయనకు తెలియదు, ముందుగా పసిగట్టగలిగేది వాళ్లే.